కారులో ఇరుక్కున్న క్యాసెట్టు

ముందు కారు సంగతి చెప్పాలి. 1986 మోడల్ టొయోటా క్యామ్రీ. ఒకప్పుడు ముదురెరుపు రంగై ఉండాలి. మా చేతికొచ్చేసరికి ఎండకి వెలిసి, ఆవకాయ జాడీకి కట్టిన పాత వాసెనగుడ్డ రంగుకి దిగింది. 1999 జనవరిలో, లాంగ్ బీచ్‌లో ఎం.ఎస్. చదువుతున్న నలుగురం తలా మూడొందల యాభై డాలర్లు వేసుకుని కొన్నాం. ఏసీ లేదు. వెనక కుడివైపు అద్దం దించితే మళ్ళీ ఎక్కదు. స్టీరియోలో ఒక క్యాసెట్టు ఇరుక్కుని ఉంది. ఈ మూడో సంగతి అమ్మినాయన చెప్పలేదు, మేమూ చూసుకోలేదు.

టేపు బయటికి తీసే బటన్ నొక్కితే లోపల కిర్రుమని ఏదో తిరిగేది, అంతే. వరంగల్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ స్క్రూడ్రైవర్ పెట్టి చూశాడు, ఫోర్కు పెట్టి చూశాడు, అట్లకాడ పట్టదని తెలిసినా అదీ తెచ్చాడు. "ఏందిరా బై, గిది పుట్టుకతోనే ఇందుల ఉన్నట్టుంది" అని వదిలేశాడు. టేపు లోపల ఉన్నంతసేపు రేడియో పలకదు. ఇక మాకు మిగిలినవి రెండే దార్లు. ఆ టేపు వినాలి, లేదంటే ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చోవాలి. ఆ రెండోది సరిగ్గా రెండు రోజులు చేశాం.

ఆ టేపు డాక్టర్ డ్రే అనే ర్యాపర్ చేసిన 'ద క్రానిక్'.

పేరు కూడా మాకు వారం తర్వాతే తెలిసింది, డ్రైవర్ సీటు కింద పగిలిన ప్లాస్టిక్ డబ్బా దొరికితే. అట్ట మీద కోడిగుడ్డు ఆకారం ఫ్రేములో ఒకాయన మొహం, చుట్టూ పాతకాలపు నగిషీ. డాక్టరంట, క్రానిక్ అంట. ఎవరో మెడికల్ కాలేజీ కుర్రాళ్ళు సరదాకి చేసిన టేపేమో అని నేను నిజంగానే అనుకున్నాను. మా నాన్నకి క్రానిక్ బ్రాంకైటిస్. మా ఇంట్లో ఆ మాటకి ఉన్న అర్థం అదొక్కటే. క్రానిక్ అంటే ఘాటైన గంజాయికి లాస్ ఏంజిలిస్ కుర్రాళ్ళు వాడే పేరనీ, ఆ అట్ట బొమ్మ గంజాయి చుట్టుకునే జిగ్ జాగ్ కాగితాల ప్యాకెట్టుని అనుకరించిందనీ తెలియడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. ఈలోగా ఆ డబ్బా మా అపార్ట్‌మెంట్‌లో దేవుడి పటం ఉన్న అలమరలోనే, అగరొత్తుల ప్యాకెట్టు పక్కన ఉండేది. ఎవరు పెట్టారో ఈరోజుకీ ఎవరూ ఒప్పుకోరు.

కాంప్టన్ అనే ఊరి పేరు మాత్రం నాకు అంతకు ముందే తెలుసు. అదీ చెప్పాలి.

1998 ఆగస్టులో దిగాం కదా, మూడు వారాలకే తెచ్చుకున్న కందిపప్పు, పచ్చళ్ళు అడుగంటాయి. ఆర్టీషియాలో ఇండియన్ షాపులుంటాయి, కరివేపాకు కూడా దొరుకుతుంది అని ఎవరో చెప్పారు. లాంగ్ బీచ్ నుంచి లాస్ ఏంజిలిస్ డౌన్‌టౌన్‌కి వెళ్ళే బ్లూ లైన్ రైలు మ్యాపులో చూస్తే 'ఆర్టీషియా' అని స్టేషన్ కూడా ఉంది. ఇంకేం, తెనాలి నుంచి విజయవాడ పాసింజర్ ఎక్కినంత ధీమాగా నేనూ వరంగల్ వాడూ బట్ట సంచులు పట్టుకుని ఎక్కాం. దిగి చూస్తే గోదాముల గోడలు, పార్కింగ్ స్థలం, ఎండ. షాపు కాదు కదా, నీడ కూడా లేదు. పిల్లాణ్ణి తోపుడుబండిలో పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఇండియన్ స్టోర్స్ ఎటు అని అడిగాను. ఆవిడ మా సంచుల వంక చూసింది, ఇన్ చేసుకున్న చొక్కాల వంక చూసింది, పడీ పడీ నవ్వింది. "నాయనా, ఇది కాంప్టన్" అంది.

ఆర్టీషియా అన్నది ఆ స్టేషన్ పక్కన పోయే రోడ్డు పేరు. ఆ పేరుగల ఊరు తూర్పున మైళ్ళ దూరంలో ఉంది. ఆ రోడ్డు మీద అటువైపు పోయే బస్సు ఎక్కాలని చెప్పి, ఆవిడ వెళ్ళిపోలేదు. తన రైలు వచ్చింది, పోయింది. మాకు బస్సు వచ్చేదాకా పిల్లాణ్ణి ఊపుతూ అక్కడే ఉంది. కరివేపాకుతో ఇంటికొచ్చి ఈ కథ చెబితే మా సీనియర్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "కాంప్టన్‌లో దిగార్రా! మీకేమన్నా పిచ్చా?" అని మొదలుపెట్టి గంటసేపు గ్యాంగులు, తుపాకులు, ఎర్ర రుమాళ్ళు, నీలం రుమాళ్ళు అని భయపెట్టాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదని తర్వాత తెలిసింది. కానీ టేపులో కాంప్టన్ పేరు వినపడ్డప్పుడల్లా నాకు ముందు కళ్ళలో మెదిలేది ఆ తోపుడుబండే. ఆ టేపులో అన్నిటికన్నా పేరున్న పాటలో కాంప్టన్, లాంగ్ బీచ్ రెండు ఊళ్ళ పేర్లూ ఒకేచోట కలిసి వస్తాయి. లోకానికి అది ఇద్దరు ర్యాపర్ల స్నేహం. నాకైతే అది బ్లూ లైన్.

పాటల్లో మాటలు మాకు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అబద్ధం ఎందుకు, బూతులు మాత్రం అర్థమయ్యేవి. సంగీతం మాత్రం మొదటి రోజే ఎక్కేసింది. కింద బేస్ తలుపుల రేకుల్లోంచి మోకాళ్ళకి తగిలేది. నడకకి సరిపోయే వేగం, ఎక్కడికీ తొందర లేనట్టు. ఆ పైన సన్నగా, కీచుగా, మెలికలు తిరుగుతూ ఒక శబ్దం. మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద వాయించింది. వరంగల్ వాడు దానికి 'పాములోడి బూర' అని పేరు పెట్టాడు. "అరే, బూర పాట పెట్టు" అంటే టేపు ముందుకి తిప్పేవాళ్ళం. ఆ శబ్దానికి తాతలాంటిది 1970ల మొదట్లో ఓహయో ప్లేయర్స్ అనే ఫంక్ బృందం చేసిన పాటలో ఉందనీ, ఆ పాట పేరులో నిజంగానే పాకే పురుగు ఒకటుందనీ చాలా ఏళ్ళకి చదివాను. వాడు అనుకోకుండా దగ్గరికే వెళ్ళాడన్నమాట.

ఇక డ్రేతో కలిసి ర్యాప్ చేసిన స్నూప్ గొంతు. అప్పటికి స్నూప్ డాగీ డాగ్. లాంగ్ బీచ్ కుర్రాడు, ఆ పాటలు చేసేనాటికి ఇరవై, ఇరవై ఒకటి. పొద్దున్నే లేచి, ఇంకా మంచం దిగకుండానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. బెదిరించేటప్పుడు కూడా గొంతు పెంచడు. మన ఊళ్ళల్లో నిజంగా భయపడాల్సిన మనిషి అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ మెల్లగా మాట్లాడతాడు చూడండి, అదీ తీరు. డ్రేది బరువైన గొంతు, కొంచెం బండగా ఉంటుంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటుంటే ఆ రెండు గొంతుల మధ్య తేడాయే సగం అందం. స్నూప్ టేపుని డ్రేకి వినిపించింది డ్రేకి సవతి తమ్ముడి వరస అయ్యే వారెన్ జీ. వారెన్ జీ, స్నూప్, నేట్ డాగ్ ముగ్గురూ కలిసి 213 అని బృందం పెట్టుకున్నారు. అది అప్పటి లాంగ్ బీచ్ ఫోన్ కోడ్. వాళ్ళు మొదట్లో పాటలు రికార్డు చేసుకున్న వి.ఐ.పి. రికార్డ్స్ అనే షాపు పసిఫిక్ కోస్ట్ హైవే మీద, మేం కూరగాయలకి వెళ్ళే దారిలోనే ఉండేది. ఆ ముందునుంచి ఎన్నిసార్లు సంచులు మోసుకుంటూ పోయామో!

ఆంధ్రా నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడు ఒకసారి, "కారు కొన్నారుగా, పాటలొస్తాయా?" అని అడిగింది. వస్తాయమ్మా, గ్యాంగ్‌స్టా పాటలు అన్నాను. "చిరంజీవివా?" అంది. ఆ 'గ్యాంగ్ లీడర్' సంగతికి మళ్ళీ వస్తాను, ఊరికే తేలేదు.

మాటలు మెల్లగా అర్థం కావడం మొదలైంది, అమెరికన్ ఇంగ్లీషు చెవికి పడుతున్న కొద్దీ. దాంతోపాటు కథా తెలిసింది. డ్రే అసలు పేరు ఆండ్రే యంగ్, పుట్టింది కాంప్టన్‌లో, 1965లో. ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందంలో సంగీతం చాలావరకు ఆయన చేతిమీదుగానే. 1988లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ వింటే తలుపు తన్నుకుని లోపలికొచ్చినట్టుంటుంది. డబ్బు లెక్కల దగ్గర ఆ బృందంలోనే ఉన్న ఈజీ-ఈతో చెడి, 1991లో డ్రే బయటికొచ్చి షుగ్ నైట్‌తో కలిసి డెత్ రో అనే రికార్డుల కంపెనీ పెట్టాడు. ఏడాది తిరిగి 1992 డిసెంబరు 15న 'ద క్రానిక్' విడుదలైంది. కోపం తగ్గలేదు, గొడవ తగ్గించాడు. శబ్దాన్ని పలచన చేసి, నెమ్మది చేసి, మధ్యలో గాలి ఆడేలా చేశాడు. కార్లలో వినడానికే తాను పాటలు చేస్తానని అప్పట్లో చెప్పుకున్నాడు కూడా. లాస్ ఏంజిలిస్‌లో ఉన్నవాళ్ళకి ఆ మాట వివరించక్కర్లేదు. అక్కడ జీవితంలో సగం 405 ఫ్రీవే మీదే పోతుంది.

ఆ 1992 మామూలు ఏడాది కాదు. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని చితకబాదిన పోలీసులను జ్యూరీ విడిచిపెట్టిందని ఏప్రిల్ 29న ఊరు అంటుకుంది. అరవై మందికి పైగా చనిపోయారు. ఆల్బమ్‌లో ఆ రోజుల మీద ఒక పాట ఉంది, అప్పుడు రికార్డు చేసిన జనం మాటలు పాట మధ్యలో వినిపిస్తాయి. మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఒక ఖాళీ స్థలం ఉండేది, చుట్టూ కంచె, లోపల గడ్డి. 92లో తగలబడ్డ షాపు అది అని వీధిలోవాళ్ళు చెబితే తెలిసింది. ఏడేళ్ళయినా ఎవరూ కట్టలేదు. ఆ పాట వస్తున్నప్పుడు ఆ స్థలం ముందునుంచి పోతే బండిలో ఎవరం మాట్లాడేవాళ్ళం కాదు.

అదే టేపులో ఈజీ-ఈని అడ్డమైన తిట్లూ తిట్టే పాట కూడా ఉంది, మంచి హుషారైన పాట. మేం అది వింటూ నవ్వుకునేనాటికి ఆ మనిషి చనిపోయి నాలుగేళ్ళు. 1995 మార్చిలో ఎయిడ్స్‌తో పోయాడు. 1996లో డ్రే డెత్ రో నుంచి కూడా వెళ్ళిపోయాడు. గొడవలన్నీ అయిపోయిన ఇంట్లో టేప్ రికార్డర్ ఒక్కటే ఆపడం మర్చిపోయినట్టుండేది మా కారు.

ఇక లాండ్రీ రోజు.

శనివారం పొద్దున బట్టలన్నీ మూటకట్టుకుని కాయిన్ లాండ్రీకి పోవడం నా వంతు. వారమంతా క్వార్టర్లు, అంటే పావు డాలరు నాణేలు, దాచుకునేవాళ్ళం అందుకోసం. 1999 వేసవిలో ఒకరోజు మెషిన్లలో బట్టలు పడేసి, బయట నీడలో కారు పెట్టుకుని, అద్దాలు దించి (ఆ కుడివైపుది తప్ప) టేపు వింటూ కూర్చున్నాను. పక్కన బెంచీ మీద ఒక పెద్దాయన దుప్పటి మడత పెడుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. నీలం ప్యాంటు, దానికి ఇస్త్రీ గీత కత్తిలా ఉంది. లాండ్రీకి కూడా ఇస్త్రీ చేసుకుని వచ్చే మనిషి. డ్రే, స్నూప్ కలిసి పాడిన ఆ పెద్ద పాట మొదలైంది. ఆయన మడత ఆపాడు. దుప్పటి రెండు కొసలూ చేతుల్లో అలాగే ఉన్నాయి, భుజాలు మాత్రం కదులుతున్నాయి. కుడి భుజం, ఎడమ భుజం, చాలా కొద్దిగా. తర్వాత నా వంక చూసి "ఈ పాట ఎవరిదో తెలుసా నీకు?" అన్నాడు. డాక్టర్ డ్రే అన్నాను, ఎమ్.ఎస్. వైవాలో జవాబు చెప్పినట్టు.

"కాదు, లియాన్ హేవుడ్ ది. 1975. ఆ ట్యూనుకి నేను మా ఆవిడతో డాన్సు చేశా, అప్పటికి ఇంకా మా ఆవిడ కాదు" అన్నాడు.

ఆయన సౌత్ గేట్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. 1982లో అది మూతపడింది. ఆ పక్కనే టైర్ల ఫ్యాక్టరీ అంతకు రెండేళ్ళ ముందే పోయింది. "నా చేతికి జీతం ఉన్న రోజుల పాట అది. మా పిల్లలకి ఆ జీతాలు లేవు, పాట ఒక్కటి మిగిలింది" అన్నాడు. ఏడుస్తూ ఏం చెప్పలేదు. దుప్పటి మడత పెడుతూనే చెప్పాడు, నా వైపు ఒక కొస ఇచ్చి పట్టుకోమన్నాడు కూడా.

టేపు తిరుగుతోంది, ఇంకో పాట వచ్చింది. రథమా, ఆగు, నన్నెక్కించుకో అని వెనక నుంచి గుంపుగా పాడే పాట. ఆయన ఈసారి గట్టిగా నవ్వాడు. "ఇది మా నాయనమ్మది" అన్నాడు. లూసియానాలో వాళ్ళ చర్చిలో ఆదివారాలు పాడేవారట. దేవుడి రథం దిగి వచ్చి తమను ఇంటికి తీసుకుపోవాలని. 1975లో పార్లమెంట్ అనే ఫంక్ బృందం ఆ రథాన్ని అంతరిక్షంలో తిరిగే నౌకని చేసింది. 1992లో డ్రే ఆ నౌకని దించి 1964 షెవర్లే ఇంపాలా చేశాడు. హైడ్రాలిక్స్ మీద ఎగిరెగిరి పడే ఆ పాత కార్లు ఆదివారం సాయంత్రాలు క్రెన్‌షా వీధిలో ఇప్పటికీ ఊరేగుతాయి. 1994లో డ్రేకి గ్రామీ వచ్చింది ఆ పాటకే. పెద్దాయన ఇదంతా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు, నాయనమ్మ, తను, కొడుకు. నాలుగో వేలు మడిచి మా క్యామ్రీ వంక చూసి ఏమీ అనలేదు.

నాకు ఆ టేపు ఆరోజు వేరే టేపైపోయింది. అప్పటిదాకా అది కొత్త కుర్రాళ్ళ తెగువ అనుకున్నాను. డ్రే తల్లి పెట్టే రికార్డులు వింటూ పెరిగినవాడు. అమ్మ యవ్వనంలో మోగిన పాటల్ని తీసుకుని, చాలాచోట్ల ఊరికే కోసి అతికించకుండా, మనుషుల్ని కూర్చోబెట్టి మళ్ళీ వాయించి, దాని మీద తన రోజుల గొడవంతా పరిచాడు. బేస్ గిటార్ వాయించిన కాలిన్ వుల్ఫ్ పేరు ఎక్కువమందికి తెలియదు, నా లెక్కలో ఆ ఆల్బమ్‌కి వెన్నెముక ఆయనే. మాటల్లో తుపాకి ఉంటుంది, ట్యూనులో మాత్రం జీతమొచ్చిన శుక్రవారం సాయంత్రం ఉంటుంది. ఇరవై ఏడేళ్ళుగా నేను దాన్ని వింటున్నది ఆ రెండోదాని కోసమేనేమో.

మా నాన్న ఘంటసాల పాటకి డ్రమ్ములు కలిపిన రీమిక్స్ వినపడితే వీధి తలుపు వేసేసేవాడు. ఆ పెద్దాయన తలుపు వేయలేదు. ఈ తేడా గురించి చాలా ఆలోచించాను కానీ ఏమీ తేల్చుకోలేకపోయాను.

నెలకోసారి మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళేవాళ్ళం. భక్తి కొంత, పులిహోర కొంత. గంటంపావు ప్రయాణం. వెళ్ళేసరికి టేపు ఒకసారి మొత్తం అయిపోయి, అటు తిరిగి, మళ్ళీ మొదలయ్యేది. 101 ఫ్రీవే దిగి కొండల మధ్య రోడ్డు ఎక్కాక ఒక వంపు ఉంటుంది, అక్కడి నుంచి తెల్ల గోపురం కనపడుతుంది. గోపురం కనపడగానే సౌండ్ తగ్గించాలని మా రూల్. ఒకసారి మాటల్లో పడి మర్చిపోయాం. పార్కింగ్‌లో పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి, ఆయన భార్య మా పక్కనే కారు దిగుతున్నారు. అప్పుడే సరిగ్గా ఈజీ-ఈని తిట్టే పాట. వరంగల్ వాడు కంగారులో సౌండ్ తగ్గించబోయి పెంచాడు. ఆ పెద్దమనిషి మా వైపు వంగి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. వాడు తడుముకోకుండా "కర్నూలండి" అన్నాడు. కర్నూలు వాళ్ళు క్షమించాలి.

2000 డిసెంబరులో పెళ్ళయింది. రెండు నెలలకి మా ఆవిడ వచ్చింది. అప్పటికి మిగతా ముగ్గురూ ఉద్యోగాలకి తలో ఊరూ పోయారు, కారు నా వాటాకి వచ్చింది. మూడు వారాలు ఏమీ అనకుండా విన్నది. నాలుగో వారం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగింది. "ఏవండీ, ఇందులో ఆడవాళ్ళని ఒకే మాటతో పిలుస్తున్నారు. వాళ్ళకి పేర్లుండవా?"

లేడీ ఆఫ్ రేజ్ అని ఒకావిడ ఇందులోనే ర్యాప్ చేసింది, ఎంత బాగా చేసిందో అని చెప్పబోయాను. "ఒక్కావిడ" అంది. మన సినిమా పాటల్లో మాత్రం ఏముంది అన్నాను. "అదీ అడుగుదాం, ముందు ఇది చెప్పండి" అంది. సిగ్నల్ పచ్చగా మారింది, బతికిపోయాను.

బతికిపోలేదు నిజానికి. ఆ తర్వాత చదివాను. 1991 జనవరిలో, ఈ ఆల్బమ్‌కి రెండేళ్ళ ముందు, డీ బార్న్స్ అనే టీవీ యాంకర్‌ని డ్రే ఒక పార్టీలో అందరి ముందూ కొట్టాడు. కోర్టులో కేసు నడిచింది, జరిమానా పడింది. తాను బాధపెట్టిన ఆడవాళ్ళకి క్షమాపణ అని బహిరంగంగా చెప్పింది 2015లో, ఇరవై నాలుగేళ్ళు గడిచాక. పాటలో కథ వేరు, మనిషి వేరు అని నేను మా ఆవిడతో వాదించిన రోజులున్నాయి. ఇక్కడ ఆ వాదన నిలబడదు. ఆ టేపులో చివరి పాట నేను ఎప్పుడూ పూర్తిగా వినను, కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా మిగతా పాటలు ఎక్కించుకుని అదొక్కటి వదిలేస్తాను. దాంతో ఏదో తీరిపోతుందని కాదు. ఆ లియాన్ హేవుడ్ ట్యూను వస్తే ఇప్పటికీ నా భుజం కదులుతుంది. మా ఆవిడ చూస్తుంది. ఏమీ అనదు, చూస్తుంది.

ఇప్పుడు 'గ్యాంగ్ లీడర్' సంగతి. 1991 మే. నాకు పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. తెనాలిలో మొదటి వారం టికెట్ దొరక్క, రెండో వారంలో చొక్కా గుండీలు రెండు పోగొట్టుకుని చూశాను. సంగీతం బప్పీ లహరి. ఆ ఏడాదంతా మా వీధిలో పెళ్ళి బ్యాండు వాళ్ళకి ఆ పాటలు తప్ప వేరే పని లేదు.

2002లో, అప్పటికి రేడియో పలికే కారు కొన్నాక, ఫ్రీవే మీద పోతుంటే లాస్ ఏంజిలిస్ హిప్ హాప్ స్టేషన్‌లో లతా మంగేష్కర్ గొంతు వచ్చింది. మా ఆవిడా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట, డ్రే కంపెనీ ఆఫ్టర్‌మ్యాత్ విడుదల చేసింది. దానికి సంగీతం చేసిన డీజే క్విక్ కూడా కాంప్టన్ వాడే. లత పాట 1981 నాటి 'జ్యోతి' అనే హిందీ సినిమాలోది, సంగీతం బప్పీ లహరి. అడక్కుండా, పేరు వేయకుండా పెద్ద ముక్కే తీసుకున్నారు. కోర్టు గొడవైంది. బప్పీ పేరు వేయకుండా ఆ సీడీ అమ్మడానికి వీల్లేదని 2003లో లాస్ ఏంజిలిస్ కోర్టు చెప్పింది. బప్పీ మీద కూడా ట్యూన్లు ఎత్తాడన్న మాట ఎప్పుడూ ఉండేదే కాబట్టి మా మిత్రబృందం ఈమెయిళ్ళలో నవ్వులే నవ్వులు. నాకు మాత్రం లాండ్రీ పెద్దాయన గుర్తొచ్చాడు. ఎవరైనా బెంచీ మీద దుప్పటి మడుస్తున్న మా అమ్మని, ఈ పాట ఎవరిదో తెలుసా అని అడిగితే ఏం చెబుతుందో అనుకున్నాను. అమ్మ అయితే అన్నిటికీ చిరంజీవి అనే అంటుంది.

2020లో ఒక వార్త చూశాను. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు శాశ్వతంగా దాచిపెట్టాల్సిన రికార్డింగుల జాబితాలోకి 'ద క్రానిక్'ని చేర్చారు. పాత రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వరంగల్ వాడు వెంటనే జవాబిచ్చాడు. "చెప్పిన గద, అది ఒక్కసారి లోపలికి పోతే బయటికి రాదని."

2022 ఫిబ్రవరి 14, హైదరాబాద్‌లో పొద్దున ఆరున్నర. మావాణ్ణి నిద్రలేపి, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మధ్యలో వచ్చే షో చూపించాను. ఇంగిల్‌వుడ్‌లోని సోఫై స్టేడియం, కాంప్టన్‌కి కొన్ని మైళ్ళ దూరం. నేలంతా కాంప్టన్ మ్యాపు, దాని మీద తెల్లటి ఇళ్ళు, వాటి పైన డ్రే, స్నూప్. వాడు కళ్ళు నులుముకుని "ఈయన హెడ్‌ఫోన్స్ కంపెనీ ఆయన కదా నాన్నా?" అన్నాడు. అవునురా అన్నాను, ఇంకేం చెప్పాలో తెలియక. కెమెరా పైనుంచి మ్యాపుని చూపించినప్పుడల్లా నేను ఆ గీతల్లో ఆర్టీషియా స్టేషన్ ఎక్కడుంటుందా అని వెతికాను. రెండు రోజులకి పొద్దున బప్పీ లహరి పోయారని వార్త వచ్చింది.

కారు ఏమైందో చెప్పలేదు కదా. 2001 చివర్లో గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక జూనియర్‌కి ఆరువందల డాలర్లకి ఇచ్చేశాను. అద్దం సంగతి చెప్పాను, ఏసీ సంగతి చెప్పాను. వారానికి ఫోన్ చేశాడు.

"అన్నా, స్టీరియోలో ఏదో ఇరుక్కుందన్నా. ఎట్టా తియ్యాలి?"

"ఓ రెండు నెలలు ఆగరా, అప్పుడు చెబుతా" అన్నాను.

రెండు నెలలయ్యాక నేనే చేశాను. తీసే పద్ధతి వాడు అడగలేదు. వెనకాల బూర వినపడుతోంది.